తేటనీళ్ళలో పాషాణం

కలకత్తా, 1983 జూలై. స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల ఓపీ. వరసలో నిలబడి లోపలికొచ్చిన మనిషి చేతులు చాపాడు. అరచేతుల నిండా బుడిపెలు, ఉలవగింజల్ని చర్మం కింద పెట్టి కుట్టేసినట్టు. చొక్కా విప్పితే ఛాతీ మీదా వీపు మీదా నల్లటి చుక్కలు, నడుమ నడుమ తెల్లటివి. వైద్యులు వీటిని వానచినుకుల మచ్చలంటారు. అతనిది 24 పరగణాల జిల్లాలో ఓ పల్లె. ఇలాంటి చేతులు ఆ పల్లెలో ఇంకా ఉన్నాయి.

ఆ చేతుల్ని పరీక్షించిన వైద్యుడు డాక్టర్ క్షితీశ్ చంద్ర సాహా. పల్లెల్లో ఇటువంటి మచ్చలకు జనం పెట్టే పేరు కుష్ఠు. కుష్ఠు మచ్చ మీద స్పర్శ పోతుంది, అరచేతుల్లో ఇలాంటి బుడిపెలు లేవవు. ఈ లక్షణాలు చర్మవైద్యుల పుస్తకాల్లో వేరే అధ్యాయంలో ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో జ్వరాలకూ సోరియాసిస్‌కూ ఫౌలర్ ద్రావణమని ఓ మందు ఇచ్చేవారు. దాన్ని ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ అరచేతులూ అరికాళ్ళూ ఇలాగే గట్టిపడేవి. ఆ మందులో ఉన్నది ఆర్సెనిక్. మన పెద్దలు పాషాణం అన్న విషం. పగవాడి అన్నంలో కలిపారని కథల్లో వింటూ వచ్చిన విషం.

పల్లెటూరి రైతుకు, అతని ఇంటిల్లిపాదికీ పాషాణం ఎవరు పెట్టారు? ఒక్క ఇంట్లోనే అయితే పగ అనుకోవచ్చు, నాటుమందు వికటించిందనుకోవచ్చు. పక్కింట్లోనూ, దాని పక్కింట్లోనూ అవే చేతులు కనిపిస్తే? వాళ్ళందరూ పంచుకునేది నీళ్ళే. అనుమానం బోరింగు మీదికి వెళ్ళింది, నీళ్ళు పరీక్షకు వెళ్ళాయి. 1984లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో సాహా, ఆయన సహచరులు కలిసి ఆ సంగతి ప్రకటించారు. బోరు నీళ్ళ వల్ల జనం ఒంట్లోకి ఆర్సెనిక్ ఏళ్ళ తరబడి ఎక్కుతోందన్నది దాని సారాంశం.

అదే ఏడాది డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగింది. ఆ రాత్రి గురించి దేశమంతా ఏడ్చింది, ఇప్పటికీ మర్చిపోలేదు. డాక్టర్ల పత్రికలో అచ్చయిన ఈ నాలుగు మాటలు డాక్టర్ల దగ్గరే ఉండిపోయాయి. 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ స్మిత్, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక వ్యాసం రాశారు. బెంగాల్ నేల కింది ఈ విషం భోపాల్ కన్నా, చెర్నోబిల్ కన్నా పెద్ద విపత్తనీ, ఇంత జనాభా ఇలా విషం బారిన పడటం చరిత్రలోనే లేదనీ అన్నారు. ఒక్క బంగ్లాదేశ్‌లోనే మూడున్నర కోట్ల నుంచి ఏడు కోట్ల డెబ్భై లక్షల మంది దాకా ముప్పులో ఉన్నారని లెక్క కట్టారు. 1984 నుంచి 2000 దాకా ఆ నీళ్ళు తాగుతున్నవాళ్ళకు ఆ మాట ఎందుకు చేరలేదు? చేరాక కూడా వాళ్ళ కడవలోకి వేరే నీళ్ళు ఎందుకు రాలేదు? నన్ను ఈ గాథ రాయమని తరిమినవి ఆ రెండు ప్రశ్నలే.

ఢాకాకు తూర్పున, మేఘనా నది దాపుల్లో ఒక ఊరు. అక్కడ ఒక ఇల్లు. పేర్లు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క ఇల్లు కాదు. బంగ్లాదేశ్ పల్లెల గురించి వైద్యులూ పరిశోధకులూ రాసినవాటిలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ఇళ్ళను కలిపి ఒకే ఇల్లుగా చెబుతున్నాను. మాటలు నేను అల్లినవి. జరిగినవి మాత్రం ఎన్నో ఇళ్ళలో జరిగినవే.

పెద్దకోడలు ఆ ఇంటికి కాపురానికి వచ్చింది 1984లో. అప్పటికి పెరట్లో బోరింగు వేసి ఏడాది. దాన్ని కొట్టడం అత్తగారే దగ్గరుండి నేర్పింది.

"మొదటి రెండు కడవలూ పారబొయ్యి బౌమా. ఎర్రగా వస్తాయి. తర్వాత చూడు, అద్దంలా ఉంటాయి."

"మా పుట్టింట్లో చెరువు నీళ్ళేనమ్మా."

"ఇక్కడా చెరువు నీళ్ళే తాగాం. నీకు ఇద్దరు బావగార్లు ఉండాల్సింది. ఒకడికి మూడేళ్ళు, ఒకడికి ఏడాదిన్నర. పొద్దున వాంతులు మొదలైతే సాయంత్రానికి పోయారు, ఇద్దరూ ఒకే వానాకాలంలో. ఈ బోరింగు వేయించాక ఈ గడపలో పసిబిడ్డ ఎవరూ పోలేదు."

ఆ తల్లి మాటలో అబద్ధం లేదు. గేదెలు దిగే చెరువులోనే గుడ్డలు ఉతికి, ఆ నీళ్ళే తాగే పల్లెల్లో కలరా, విరేచనాలు పసివాళ్ళను ఊడ్చుకుపోతుంటే, 1970ల్లో యునిసెఫ్, బంగ్లాదేశ్ జనారోగ్య ఇంజనీరింగ్ శాఖ బోరింగుల్ని ఊరూరా తెచ్చాయి. అక్కడి నేల మెత్తన. వెదురుతో పరంజా కట్టి, ఇనప గొట్టాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ, ఒక మనిషి గొట్టం మూతిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ ఉంటే గొట్టం దిగిపోతుంది. యంత్రం అక్కర్లేదు. అంత తేలిక గనుకే ప్రభుత్వం వేసినవి కొన్నయితే, జనం సొంత డబ్బుతో వేయించుకున్నవి అంతకు ఎన్నో రెట్లు. 1990ల నాటికి దేశంలో దాదాపు కోటి బోరింగులు. ప్రజారోగ్యంలో ఇంతటి విజయం అరుదని ప్రపంచం మెచ్చుకుంది. వాళ్ళు మేలు చేద్దామనే చేశారు. నీళ్ళలో క్రిములున్నాయా అని చూశారు. ఆర్సెనిక్ ఉందా అని చూడటం ఆనాటి మామూలు పరీక్షల్లో లేదు.

అది అక్కడికి ఎలా వచ్చింది? ఎవరూ కలపలేదు, ఏ ఫ్యాక్టరీ వదలలేదు. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన వేల ఏళ్ళుగా హిమాలయాల రాళ్ళను అరగదీసి ఒండ్రుగా తెచ్చి పరుస్తున్నాయి. ఆ ఇసుక రేణువుల మీద ఇనప తుప్పు పూత ఉంటుంది, ఆ పూతను పట్టుకుని ఆర్సెనిక్ ఉంటుంది. గాలి ఆడే చోట అది కదలదు. డెల్టాలో ఒండ్రుతో పాటు ఆకూ అలమూ నాచూ పూడుకుపోయి లోపల కుళ్ళుతాయి. కుళ్ళేకొద్దీ భూమిలో ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు అక్కడి సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు ఆ ఇనప తుప్పునే వాడుకుని బతుకుతాయి. తుప్పు కరుగుతుంది, అది పట్టుకున్న ఆర్సెనిక్ నీళ్ళలో కలుస్తుంది. సాగుకోసం విపరీతంగా నీళ్ళు తోడటం వల్ల భూమిలోకి గాలి దూరి విషం విడుదలైందని మొదట్లో అనుకున్నారు. 1998లో నేచర్ పత్రికలో రాస్ నిక్సన్, జాన్ మెక్‌ఆర్థర్, బంగ్లాదేశ్ భూగర్భ శాస్త్రవేత్తలు కలిసి రాసిన పత్రం ఆ ఊహను తోసిపుచ్చింది. గాలి తగలడం వల్ల కాదు, గాలి అందకపోవడం వల్లే ఇది జరుగుతోందని తేల్చింది. కొత్తగా పరుచుకున్న ఒండ్రులో, అంటే చేత్తో బోరు దించగలిగే లోతుల్లోనే, విషం ఎక్కువ. నూటయాభై మీటర్లు దాటి పాత ఇసుక పొరల్లోకి వెళితే చాలా చోట్ల నీళ్ళు మంచివి. పేదవాడి గొట్టం అంత లోతుకు దిగదు.

నేల కింది నీళ్ళే విషమవుతాయన్న మాట తెలుగువాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్ళం. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు రాశారు. నల్గొండలో గట్టి గ్రానైట్ రాయి నుంచి ఫ్లోరైడ్ ఊరుతుంది, బెంగాల్లో రాయే కనపడని మెత్తటి ఒండ్రులోంచి ఆర్సెనిక్ ఊరుతుంది. ఒకటి ఎముకను పడితే ఇంకొకటి చర్మాన్నీ ఊపిరితిత్తుల్నీ మూత్రకోశాన్నీ పడుతుంది. రెండు చోట్లా నీళ్ళు తేటగా ఉంటాయి. రుచి మారదు, వాసన రాదు.

ఎంత ఉంటే విషం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. హైదరాబాద్‌లో వీధి వీధికీ తిరిగే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై తెచ్చి, ఆ నీళ్ళన్నిటిలో ఒక్క గ్రాము ఆర్సెనిక్ కలిపితే వచ్చే మోతాదది. బంగ్లాదేశ్ హద్దు 50, అంటే నాలుగు ట్యాంకర్లకు ఒక గ్రాము. కొన్ని పల్లెల్లో బోరింగుల నుంచి వచ్చిన లెక్కలు వందల్లో ఉన్నాయి.

పెద్దకోడలి మగడికి ఛాతీ మీద చుక్కలు కనిపించింది పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు. ఎండలో పని, అందుకే అనుకున్నారు. తర్వాత నాగలి పట్టుకుంటే అరచేతులు నొప్పి. ఆ తర్వాత అరికాళ్ళు చిట్లి, గట్టు మీద నడవడం కష్టమైంది. ఊళ్ళో వైద్యుడు లేపనం ఇచ్చాడు, హకీము పసరు ఇచ్చాడు. అతనికి దాహం ఎక్కువని, బలం రావాలని, ఆవిడ పొలానికి రోజూ పెద్ద బిందెతో బోరింగు నీళ్ళు మోసింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా బరువుగా తోచేది ఆ బిందె.

మచ్చలు చిన్నాడపడుచుకీ వచ్చాయి. ఆమెను అత్తారింటివాళ్ళు ఓ సాయంత్రం రిక్షాలో తెచ్చి దింపి వెళ్ళారు.

"ఏమన్నారే?" అని తల్లి అడిగింది.

"అంటురోగమన్నారు. పిల్లాణ్ణి ఎత్తుకోనివ్వలేదు."

ఇది అంటురోగం కాదు. ఒకరి నుంచి ఒకరికి రాదు. ఆ ఒక్క వాక్యం ఊళ్ళోకి వచ్చి చెప్పినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. బంగ్లాదేశ్‌లో ఇలా పుట్టింటికి తిరిగొచ్చిన ఆడవాళ్ళ గురించి, పెళ్ళి కాకుండా ఉండిపోయిన ఆడపిల్లల గురించి పరిశోధకులు పదే పదే రాశారు. మగవాడికి మచ్చలొస్తే భార్య సేవ చేసింది. భార్యకు వస్తే ఆమె బయటికి పోయింది.

సరిహద్దుకు ఇటు పక్క జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి ఉన్నారు. రసాయన శాస్త్రవేత్త. 1988లో పశ్చిమ బెంగాల్ పల్లెల్లో రోగుల్ని చూశాక ఆయన తక్కిన జీవితమంతా ఈ పనికే ఇచ్చేశారు. ఊరూరూ తిరిగి సీసాల్లో నీళ్ళు, కాగితపు పొట్లాల్లో వెంట్రుకలు, గోళ్ళు పోగుచేయించి జాదవ్‌పూర్‌లో పరీక్షించారు. ఒంట్లో చేరిన ఆర్సెనిక్ జుట్టులోనూ గోళ్ళలోనూ పేరుకుంటుంది, మచ్చ రాకముందే అక్కడ దొరుకుతుంది. భయాలు రేపుతున్నాడన్న నిందను ఆయన చాలాకాలం మోశారు. నాదియా, ముర్షీదాబాద్, మాల్దా, ఉత్తర 24 పరగణాలు, ఒక్కో జిల్లా పటంలోకి ఎక్కుతూ వచ్చింది.

1992లో ఉత్తర 24 పరగణాల్లోని గోవిందపూర్ అనే ఊళ్ళో ఆయనకు ఒక కోడలు కనిపించింది. అత్తింట్లో ఎవరికీ మచ్చల్లేవు, ఆమె ఒక్కదానికే ఉన్నాయి. పుట్టిల్లు సరిహద్దు అవతల, బంగ్లాదేశ్‌లో. అక్కడ తన వాళ్ళకూ ఇలాంటి మచ్చలున్నాయని ఆమె చెప్పింది. భూమి కింది ఒండ్రుకు సరిహద్దు లేదన్న సంగతి ఒక ఆడపిల్ల పుట్టింటి కబురుతో బయటపడింది. చక్రవర్తి ఆ సంగతి బంగ్లాదేశ్ ప్రభుత్వానికీ ప్రపంచ సంస్థలకూ తెలియజేశారు. 1993లో బంగ్లాదేశ్ జనారోగ్య ఇంజనీరింగ్ శాఖ చపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో బావి నీళ్ళలో ఆర్సెనిక్‌ను కనిపెట్టింది. ఆ తర్వాత ఢాకా కమ్యూనిటీ హాస్పిటల్ వైద్యులు పల్లెలకు వెళ్ళి రోగుల్ని వెతికారు. 1998లో ఢాకాలో పెద్ద అంతర్జాతీయ సభ జరిగాకే ప్రపంచం ఇటు చూసింది. కలకత్తాలో ఆ రోగి చేతులు చాపి అప్పటికి పదిహేనేళ్ళు.

2001లో పెద్దకోడలి ఊరికి పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, భుజానికి సంచీ. పెరట్లో బోరింగు కొట్టి చిన్న సీసాలో నీళ్ళు పట్టారు. ఆమ్లం పొడి వేశారు, జింకు పొడి వేశారు, మూతలో కాగితపు పట్టీ పెట్టి బిగించారు. లోపల నీళ్ళు బుసబుసమన్నాయి. నీళ్ళలో ఆర్సెనిక్ ఉంటే అది వాయువై పైకి లేచి ఆ కాగితాన్ని తాకుతుంది, దాని మీద పూసిన పాదరస లవణం రంగు మారుతుంది. పసుపు అయితే కొంచెం. గోధుమరంగు దాకా వెళితే చాలా ఎక్కువ.

పిల్లలు చుట్టూ మూగారు. అత్తగారు గడప మీద కూర్చుని చూస్తోంది. అరగంట లోపలే అమ్మాయి మూత తీసి పట్టీని రంగుల చార్టు పక్కన పెట్టింది. పట్టీ గోధుమరంగు.

"ఖాలమ్మా, ఈ బోరింగు నీళ్ళు తాగొద్దు. వంటకీ వద్దు."

"ఏం, పురుగులున్నాయా?"

"పురుగులు కాదు. ఆర్సెనిక్. విషం."

"ఇరవై ఏళ్ళ నుంచి తాగుతున్నాం. విషమైతే బతికుంటామా?"

పెద్దకోడలు మధ్యలో అంది, "మరిగించి తాగితే?"

"మరిగిస్తే నీళ్ళు తగ్గుతాయి భాబీ, విషం తగ్గదు. ఇంకా చిక్కబడుతుంది."

"మా ఆయన చేతులు..."

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఆయన చేతులు చూసింది. బయటికి వచ్చి ఏమీ అనలేదు. అబ్బాయి అప్పటికే డబ్బా మూత తీసి బోరింగు మూతికి ఎర్ర రంగు పూస్తున్నాడు.

"స్నానానికి వాడుకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు. తాగడానికి మాత్రం ఆకుపచ్చ రంగు ఉన్నదాన్నుంచి తెచ్చుకోండి. ఇది అంటురోగం కాదు భాబీ, అందరికీ చెప్పండి."

ఆ మాట విని చిన్నాడపడుచు చాలాసేపు ఏడ్చింది. ఏడెనిమిదేళ్ళు ఆలస్యంగా వచ్చిన మాట.

ప్రపంచ బ్యాంకు రుణంతో జరిగిన ఆ పరీక్షల్లో 2003 నాటికి దేశంలో సుమారు 50 లక్షల బోరింగులు చూశారు. 14 లక్షలకు పైగా ఎరుపెక్కాయి. ఇంత పెద్ద పని చేసిన ఆ యువతీ యువకుల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. వాళ్ళు ప్రాణాలు కాపాడారు. కాని వాళ్ళ సంచీలో పరీక్ష సరంజామా, రంగు డబ్బాలు ఉన్నాయి గాని కొత్త బోరు లేదు.

ఎర్ర బోరింగు పక్కనే పచ్చ బోరింగు ఉండటం ఈ నేల వింత. పరుచుకున్న ఒండ్రు పొరలు గజం గజానికీ మారతాయి. కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2000 నుంచి ఢాకా దగ్గరి ఆరాయ్‌హజార్‌లో వేల బావుల్ని కొలిచి, ఎర్ర బోరింగు నీళ్ళు తాగుతున్న చాలామందికి నడిచి వెళ్ళేంత దూరంలోనే మంచి బావి ఉందని చూపించారు. అయితే ఆ బావి ఎవరి పెరట్లో ఉందన్నదే అసలు సంగతి. పెద్దకోడలికి దగ్గరి పచ్చ బోరింగు ఆరిళ్ళ అవతల, పొలం గట్టు తగాదా ఉన్న ఇంట్లో. మొదటివారం ఏమీ అనలేదు. తర్వాత ఆ ఇంటి ఇల్లాలు అంది, "మా హ్యాండిల్ అరిగిపోతోంది, వాషర్ ఎవరు వేయిస్తారు?" వీళ్ళు వాషర్ వేయించారు. ఆ తర్వాత "పరాయి మగాళ్ళు పెరట్లోకి రాకూడదు" అన్నారు. దాంతో నీళ్ళు మోయడం ఆడవాళ్ళ వంతే అయింది, అలవాటు ప్రకారం.

బంగ్లాదేశ్‌లో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పే అబుల్ హుస్సామ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇసుక, బొగ్గు, ఇనప పొరలతో రెండు బకెట్ల సోనో ఫిల్టరు తయారుచేశారు. 2007లో దానికి పది లక్షల డాలర్ల గ్రేంజర్ బహుమతి వచ్చింది. ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని ఆయన మళ్ళీ ఫిల్టర్లకే ఇచ్చేశారు. అలాంటి మనుషులు ఉన్నందుకు నాకు ధైర్యంగా ఉంటుంది. కాని కోటి బోరింగుల దేశానికి ఫిల్టర్లు ఎన్ని చాలతాయి?

ఎవరిని నిలదీయాలన్న ప్రశ్న లండన్ దాకా వెళ్ళింది. బ్రిటిష్ జియలాజికల్ సర్వే 1992లో బంగ్లాదేశ్‌లో కొన్ని బోరు బావుల నీటిని పరీక్షించింది. ఎన్నో మూలకాల కోసం వెతికింది, ఆర్సెనిక్ కోసం వెతకలేదు. ఆ నివేదిక చూసి నీళ్ళు మంచివనుకున్నారంటూ బాధితులు ఆ సర్వే మాతృసంస్థ మీద బ్రిటన్ కోర్టుల్లో దావా వేశారు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దావాను కొట్టేసింది. బంగ్లాదేశ్ తాగునీటి మీద ఆ సంస్థకు అధికారం గాని బాధ్యత గాని లేవన్నది తీర్పు. న్యాయశాస్త్రం ప్రకారం అది సరే కావచ్చు. వెతకనిదాన్ని గురించి ఎవరూ జవాబుదారీ కారంటే, ఇంక వెతకమని ఎవరిని అడగాలో నాకు తెలియడం లేదు.

మగడు 2006లో పోయాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్. అప్పటికి అయిదేళ్ళుగా మంచి నీళ్ళే తాగుతున్నాడు, అరచేతులు కాస్త మెత్తబడ్డాయి కూడా. ఇది అక్కడి ఎన్నో కుటుంబాలకు అర్థం కాని దెబ్బ. చిలీ దేశంలో అంటోఫగాస్టా నగరం 1958 నుంచి 1970 వరకు ఆర్సెనిక్ నీళ్ళు తాగింది. శుద్ధి కేంద్రం పెట్టాక నీళ్ళు బాగుపడ్డాయి, ఊపిరితిత్తుల, మూత్రకోశ క్యాన్సర్లు మాత్రం దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి. ఆరాయ్‌హజార్‌లో హబీబుల్ అహసన్ బృందం దాదాపు పన్నెండు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2010లో లాన్సెట్‌లో ఫలితం ప్రకటించింది. వాళ్ళలో జరిగిన మొత్తం మరణాల్లో 21 శాతానికి లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటిన ఆర్సెనిక్ కారణమని తేల్చింది. పాము కరిచినట్టు చంపదు గనుక మరణ ధ్రువపత్రం మీద దాని పేరు రాదు.

లోతు బోరు కోసం ఊరివాళ్ళు అర్జీ పెట్టారు. పెద్దకోడలూ వేలిముద్ర వేసింది. బోరు మంజూరైంది. పడింది మాత్రం అధికార పార్టీ మనిషి ప్రహరీ లోపల. సాయంత్రం గేటు వేస్తే మళ్ళీ పొద్దున్నే. 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఈ అన్యాయం మీదే ఒక నివేదిక విడుదల చేసింది. ప్రభుత్వం వేసిన లోతు బోర్లు అవసరం ఉన్న చోటికి కాకుండా రాజకీయ నాయకుల అనుయాయుల ఇళ్ళకు వెళుతున్నాయని, దేశంలో ఇంకా రెండు కోట్ల మంది ప్రభుత్వ హద్దు దాటిన నీళ్ళు తాగుతున్నారని అందులో చెప్పారు. ఏటా 43 వేల మంది ఆర్సెనిక్ సంబంధ వ్యాధులతో చనిపోతున్నారన్న అంచనానూ ఉటంకించారు. ఇక్కడ నేలనూ నదినీ నిందించి లాభం లేదు. విషం ఎక్కడుందో తెలుసు, మంచి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో తెలుసు, గొట్టం దించడం తెలుసు. అన్నీ తెలిశాక జరిగే చావుకు కారణం మనిషే.

మన దేశం మెరుగ్గా ఉందని అనుకోడానికి లేదు. 2002లో చక్రవర్తి బృందం బిహార్‌లోని భోజ్‌పూర్ జిల్లా సెమ్రియా ఓఝా పట్టిలో ఇదే విషాన్ని కనిపెట్టింది, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో. కలకత్తా పత్రికలో సాహా రాసి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళు. గంగ ఒడ్డున పైకి పోతున్నకొద్దీ అదే ఒండ్రు, అవే బోరింగులు. చక్రవర్తి 2018లో చనిపోయారు, చివరిదాకా ఊళ్ళ పేర్లు చేరుస్తూనే.

పెద్దకోడలి కూతురికి 2012లో సంబంధం వచ్చింది. పది మైళ్ళ అవతలి ఊరు, అబ్బాయి గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వియ్యాలవారి తరఫున వచ్చిన పెద్దమనిషి మాటల మధ్య అడిగాడు, "అమ్మాయి ఒంటి మీద మచ్చలేం లేవు కదా? మీ ఊరి సంగతి విన్నాం."

"లేవు. పుట్టిన ఎనిమిదో ఏటి నుంచి పచ్చ బోరింగు నీళ్ళే తాగింది. మీ బోరింగు రంగేమిటి భాయ్?"

ఆయన తెల్లబోయాడు. "రంగేం లేదు. కొత్తది. మొన్న మొన్న, ఆరేళ్ళ కిందట వేయించాం."

2003లో పరీక్షల పథకం అయిపోయింది. తర్వాత వేసిన లక్షల బోరింగుల్లో చాలావాటికి ఏ రంగూ లేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తన తమ్ముణ్ణి ఆ ఊరికి పంపి, పెళ్ళివారి పెరట్లో నీళ్ళు సీసాలో పట్టించి, ఉపజిల్లా ఇంజనీరింగ్ ఆఫీసులో పరీక్ష చేయించింది. లీటరుకు 160. వియ్యపురాలికి కోపం వచ్చింది, ఇంతవరకు ఏ ఆడపెళ్ళివాళ్ళూ ఇలా చేయలేదంది. పెద్దకోడలు సంబంధం వదులుకోలేదు. చుట్టుపక్కల ఏడిళ్ళ నీళ్ళూ తెప్పించి చూపించింది. రెండిళ్ళవి మంచివి. అందులో ఒకటి అబ్బాయి పెదనాన్నది. అమ్మాయి ఆ ఇంటి నుంచే నీళ్ళు తెచ్చుకుంటుందని, తెచ్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పకూడదని, పుట్టబోయే పిల్లలకు ఆ నీళ్ళే పట్టాలని పెద్దల ముందు ఒప్పించాకే పెళ్ళికి రోజు పెట్టుకోనిచ్చింది.